బిడ్డ మాట ఎవరు వింటారు?



ఎదిగిన బిడ్డ మత్తుకు అలవాటుపడి, చదువు మాని, ఎవరి మాటా లెక్కచేయకపోతే ఆ ఇంట్లో అన్నం సహించదు, నిద్ర పట్టదు. అటువంటప్పుడు "మాకు అప్పగించండి, బాగుచేసి పంపుతాం" అనేవారు ఎదురైతే దేవుడే పంపాడనిపిస్తుంది. అప్పగించడం తప్పా? తప్పు కాదు. వైద్యం అవసరమైన బిడ్డకు వైద్యం చేయించాలి. కాని తల్లిదండ్రులు మరొకరికి అప్పగించకూడనిది ఏమైనా ఉన్నదా? ఇదే నేటి ప్రశ్న.

అమెరికాలో ఇటువంటి పిల్లలకోసం నడిచే వసతి కేంద్రాలు చాలా ఉన్నాయి. కొన్నింటి పద్ధతి ఇది: తల్లిదండ్రుల అనుమతితోనే కొత్తవాళ్లు అర్ధరాత్రి వచ్చి బిడ్డను నిద్రలేపి తీసుకుపోతారు. బిడ్డ రాసిన ఉత్తరాలు ముందు వాళ్లు చదువుతారు. "ఫిర్యాదులు నమ్మకండి, అది ఇంటికి రావడానికి ఆడే నాటకం" అని తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచుతారు. 2005లో 33 రాష్ట్రాలలో ఇటువంటి కేంద్రాల సిబ్బందిలో 1,619 మందికి పిల్లలను బాధించిన ఘటనలతో సంబంధమున్నదని అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2007లో తెలిపింది. యుక్తవయసులో యూటా రాష్ట్రంలోని ఒక కేంద్రంలో గడిపిన పారిస్ హిల్టన్ వంటివారు గట్టిగా పోరాడిన మీదట, వీటిపై అధ్యయనం జరిపించే చట్టం 2024 డిసెంబరులో వచ్చింది.

ఆ తల్లిదండ్రులకు ప్రేమ లేక కాదు. కాని ఆలోచించండి. బిడ్డ ఏడిస్తే నాటకం. మౌనంగా ఉంటే బాగుపడ్డట్టు. ఇక నిజం బయటపడే దారి ఏది?

పునీత తోమాసు అక్వినాసు వారు తమ 'సుమ్మా' గ్రంథంలో, వివేకం రాని బిడ్డ తల్లిదండ్రుల సంరక్షణలో, ఒక ఆధ్యాత్మిక గర్భంలో ఉన్నట్టు ఉంటుందన్నారు. వివేకం వచ్చాక ఆ బిడ్డ తనకు తానుగా నిలబడటం మొదలుపెడుతుంది. అప్పుడు విశ్వాసంలోకి సైతం బలవంతంతో కాక నచ్చజెప్పి నడిపించాలన్నారు. విశ్వాసం విషయంలోనే అలాగైతే, మంచి నడవడి విషయంలో బిడ్డ నోరు నొక్కి సాధించేదేమిటి?

మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మైనరును మానసిక వైద్యశాలలో చేర్చితే తల్లిదండ్రులో, వారు నియమించిన మనిషో అక్కడ ఉన్నన్నాళ్లూ బిడ్డ వెంటే ఉండాలి. చికిత్స వైద్యులది, తోడు మనది.

పన్నెండేళ్ల బాలయేసు కనబడక మరియమ్మ, యోసేపు గార్లు మూడు రోజులు వెదికారు. దేవాలయంలో కనబడగానే ఆ తల్లి ఎందుకిలా చేశావని అడిగింది. జవాబు వారికి అర్థం కాలేదని లూకా సువార్త చెబుతుంది. అయినా ఆమె దానిని తోసివేయలేదు, హృదయంలో భద్రపరచుకున్నది.

కనుక బిడ్డను ఎక్కడైనా చేర్చేముందు ఒక్కటి అడగండి: "మా బిడ్డతో మేము ఒంటరిగా, ఎప్పుడైనా మాట్లాడవచ్చా?" కాదంటే, బిడ్డ చెయ్యి పట్టుకుని వెనక్కి రండి. వేరొక వైద్యుణ్ణి వెదకవచ్చు. వినే తల్లిదండ్రుల స్థానంలో మరొకరిని వెదకలేము.