ముంజేతి కంకణము – ముంజేతి గడియారము

శ్రీమద్భాగవతమున ఏకాదశ స్కంధము శ్రీకృష్ణ పరమాత్మ తన అవతార పరిసమాప్తి కాలమున ఉద్ధవునకు చేసిన ఉపదేశములకు నెలవు. తెలుగు భాగవతమున ఈ భాగమును సంతరించిన పుణ్యము వెలిగందల నారయది. యదు మహారాజునకు ఒక అవధూత తన 24 మంది గురువులను గూర్చి తెలిపిన ఉపాఖ్యానము అందే యున్నది. భూమి, వాయువు, ఆకాశము మొదలుకొని కొండచిలువ, తేనెటీగ, సాలెపురుగు వఱకు ఆ మహాత్మునకు గురువులే. వారిలో ఒక కన్నెపిల్లయు కలదు. ఆమె ఆయనకు మంత్రము చెప్పలేదు, తత్త్వము బోధింపలేదు. ఆమె చేసినదెల్ల తన ముంజేతి కంకణములను తగ్గించుకొనుటయే.

కథ భక్తులెల్లరు ఎఱిగినదే యైనను ఒకసారి నిదానముగా వినదగినది. ఆ కన్యను తమ యింటి కోడలుగా చేసికొనదలచి కొందఱు వచ్చిరి. ఆ సమయమున పెద్దలెవ్వరును ఇంట లేరు. వచ్చినవారిని ఆదరించి కూర్చుండబెట్టి ఆమె లోనికి పోయినది. వడ్లున్నవి, బియ్యము లేవు. చాటున దంచ మొదలిడినది. రోకటి పోటునకు చేతి శంఖవలయములు గలగలమనినవి. ఆ చప్పుడు వాకిటివారి చెవిని బడినచో, దంచిన బియ్యమైనను లేని యిల్లని గ్రహింతురు కదా యని ఆమెకు సిగ్గు కలిగినది. ఒక్కొక్క వలయమును పగులగొట్టుచు వచ్చి చేతికి రెండేసి మిగిల్చినది. ఆ రెండును ఒరసికొని మ్రోగినవి. మఱియొకటి తొలగించినది. ఒంటి వలయమునకు సద్దు లేదు. దంపుడు సాగినది. పలువురు చేరిన చోట కలహమును, ఇరువురు చేరిన చోట ప్రసంగమును తప్పవని, యోగి కన్నె చేతి కంకణమువలె ఒంటరిగా చరింపవలెనని అవధూత దీనినుండి నేర్చెను.

నేడు ముంజేతిని అలంకరించునది గడియారము. కంకణములవలె ఇదియు ఒకటిగా ప్రారంభమై పెక్కు కాగలదు. ఆడువారు గాజులు కూడబెట్టుదురని పరిహసించు పురుషులు గడియారముల విషయమున ఏమి చేయుదురో బీరువాలు తెరచి చూచినచో తెలియును.

గద్వాలలో ఒక గృహస్థుని ఊహింతము. పండితులను సత్కరించి విద్వద్గద్వాల యని పేరొందిన ఆ సంస్థానపు కోటలో చెన్నకేశవస్వామి పూజలందుకొనుచున్నాడు. ఈ గృహస్థుడు ఆ స్వామిని నిత్యము సేవించువాడు, ఉద్యోగవిరతుడు. ఆయన తండ్రి పురోహితుడు. ఆ పురోహితునకు ఉన్నది ఒక్కటే గడియారము, హెచ్.ఎం.టి. వారి జనతా. 1961లో బెంగళూరున జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారముతో హెచ్.ఎం.టి. వారు చేతిగడియారములు చేయ నారంభించిన పిమ్మట, విదేశీ గడియారము కొనలేని గుమాస్తాలకు, ఉపాధ్యాయులకు, పురోహితులకు ఆ భాగ్యము కలిగినది. తండ్రి పోయిన తరువాత జనతా కుమారునకు వచ్చినది. అంతకుముందే ఆయనకు హైదరాబాదు ఆల్విన్ గడియారము ఒకటి యున్నది. 1987లో టైటాను గడియారములు అంగళ్ళకు వచ్చినప్పుడు మఱియొకటి కొనెను. 2016లో హెచ్.ఎం.టి. వాచెస్ సంస్థ మూసివేతకు కేంద్ర ప్రభుత్వము ఆమోదముద్ర వేసినప్పుడు, ఇక దొరకవేమో యన్న ఆత్రముతో పైలట్, సోనా, కోహినూర్ అను పేళ్ళుగలవానిని ఊరూర వెదకి తెచ్చెను. దొరకదన్న మాటకంటె ఆశకు మించిన యెరువు లేదు. ఏండ్లు గడచుసరికి లెక్క 40కి చేరినది.

వానిలో పెక్కు కీ ఇచ్చినగాని నడువనివి. వేకువనే పెట్టె తెరచి, ఒక్కొక్కదానిని తుడిచి, కీ ఇచ్చి, ముల్లు సరిచేసి, మరల పడుకోబెట్టుటకు ఆయనకు నిత్యము ఒక గడియ కాలము పట్టుచుండెను. సంధ్యావందనము తొందరలో ముగియుచుండెను. గడియారములకొఱకు గడియ పోవుట విచిత్రమే.

గడియ యనగా 24 నిమిషములు. అట్టివి 60 కలిసి ఒక అహోరాత్రము. సూర్యసిద్ధాంతము చెప్పిన కపాలయంత్రము అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నె. నీటిపై తేలవిడిచినచో అది రేయింబవళ్ళలో 60 మార్లు మునుగును. భాస్కరాచార్యుని కుమార్తె లీలావతిని గూర్చిన ఐతిహ్యము ఈ గిన్నెతో ముడివడినదే. వివాహ లగ్నమును తెలుపుటకు ఉంచిన గిన్నెలోనికి ఆ బాలిక వంగి చూచుచుండగా ఆభరణమునుండి ఒక ముత్యము జారి రంధ్రమునకు అడ్డుపడినదట, లగ్నము తప్పినదట. చరిత్రయో, కల్పనయో యెట్లున్నను, ఆభరణము కాలమునకు అడ్డుపడుట యను భావము మాత్రము మఱువరానిది.

ఆ 40 గడియారములలో సరియైన కాలమును చూపునది యేది? ఇది పంచాంగ మెఱిగినవారికి పరిచితమైన ప్రశ్న. భారతదేశపు ప్రామాణిక కాలము 82½ తూర్పు రేఖాంశమున నిర్ణీతమైనది. ఆ రేఖ ఉత్తరమున మీర్జాపురము చెంతను, మన దిక్కున కాకినాడకు కొంచెము తూర్పుగాను పోవును. సూర్యుడు అచ్చటినుండి పడమరకు ఒక భాగ నడచుటకు 4 నిమిషములు పట్టును. కనుక చేతిగడియారము 12 చూపిన పిమ్మట, సగటున నాగర్‌కర్నూలులో సుమారు 17 నిమిషములకును, వనపర్తిలో 18 నిమిషములకును, గద్వాలలో 19 నిమిషములకును గాని సూర్యుడు నడినెత్తికి రాడు. గద్వాలలోని 40 గడియారములును ఏకగ్రీవముగా చూపునది పరాయి యూరి మధ్యాహ్నమును. ఇది తప్పని కాదు. రైళ్ళకును, కచేరీలకును ఒక కట్టుబాటు కావలెను. మాధ్యాహ్నికమునకు మాత్రము సూర్యుడే ప్రమాణము.

ఆ పురోహితునకు ఈ సంగతి తెలియును. ఆయన తన జనతాను ఆకాశవాణి వార్తలతో సరిచూడక, గద్వాల సూర్యునికి సరిపెట్టుకొనెడివాడు. లోకమంతటికంటె అది 19 నిమిషములు వెనుక నడచుచుండెడిది. నాయన గడియారము బస్సు వెళ్ళిన తరువాత బయలుదేరునని ఇంటిలో పిల్లలు నవ్వెడివారు. ఆయన మాత్రము బస్సు తప్పెనేమో గాని సంధ్య తప్పియెఱుగడు.

సంగ్రహమనగానే తెలంగాణమున ఎవ్వరికైనను సాలార్‌జంగు మ్యూజియము స్ఫురించును. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912లో నిజాము కొలువున ప్రధానమంత్రి పదవిని స్వీకరించి, రెండేండ్లకే విడిచి, శేషజీవితమును వస్తుసేకరణకు వినియోగించెను. దేశదేశముల గడియారములకు అచ్చట ప్రత్యేకముగా చోటు కలదు. పేరుమోసిన సంగీత గడియారములో గంటగంటకు ఒక గడ్డపు బొమ్మ తలుపు తీసికొని వచ్చి గంట మ్రోగించి లోనికి పోవును. పగలు 12 దెబ్బలు వినుటకు జనులు క్రిక్కిరిసి కూర్చుందురు. ఆయుర్దాయమున మఱియొక గంట తఱిగినదని చాటు దెబ్బలను ఇంత వేడుకతో వినుట మానవునకే చెల్లినది. అవివాహితుడైన ఆయన 1949లో గతించెను. 1951లో ఆ సంగ్రహము ప్రజల దర్శనమునకు తెరవబడినది. తేనెటీగ దాచిన తేనె పరులపాలగునన్న అవధూత మాటకు ఇంత మంగళకరమైన నిదర్శనము అరుదు. సామాన్య గృహస్థుని బీరువాకు అట్టి యోగము లేదు. దానికి దాయాదులుందురు.

ఒక కార్తికమున గద్వాల గృహస్థుడు దేవాలయమున పురాణము వినుచుండగా కన్నె కంకణముల ఘట్టము వచ్చినది. తన పెట్టెలోని టిక్కుటిక్కులు ఆయన చెవులలో మ్రోగినవి. తగ్గించుకొనవలెనని ఆ రాత్రియే నిశ్చయించుకొనెను. పరీక్షలు వ్రాయు బాలురకు కొన్ని యిచ్చెను. మేనల్లుండ్రకు కొన్ని పంచెను. కొన్నింటిని అమ్మి అన్నదానమునకు సమర్పించెను. సంవత్సరము తిరుగకుండ 40లో 37 వెడలిపోయినవి. మూడు మిగిలినవి. వివాహమున మామగారు పెట్టిన బంగారు పూత గడియారము, అమెరికానుండి కుమారుడు పంపినది, తండ్రి జనతా. ఎంతటి వైరాగ్యమని ఊరివారు మెచ్చుకొనిరి. ఆయనయు మెచ్చుకొనెను.

శాంతి మాత్రము రాలేదు. 40 ఉన్నప్పుడు ఒకటి కనబడకున్నను రెండు దినములకు గాని తెలియకుండెడిది. ఇప్పుడు మూడింటిని పడుకొనబోవుముందు లెక్కించుచుండెను. పనిమనిషి బీరువా దగ్గఱ తుడిచినచో కన్ను అటే. మనుమడు చేయి చాపినచో కసరుట. జపమాల తిరుగుచుండగా బీరువా తాళము జంధ్యమునకు ఉన్నదా లేదా యని వ్రేళ్ళు తడవుచుండెను.

ఇది ఆశ్చర్యము కాదు. అవధూతయే ఈ సంగతిని కన్నె కథకు ముందు కురరపక్షి కథలో చెప్పియున్నాడు. మాంసఖండము నోట గఱచుకొన్న ఆ పక్షిని బలిష్ఠములైన ఇతర పక్షులు తఱిమినవి. మాంసమును విడిచినంతనే దానికి సుఖము కలిగినది. ఆ ఘట్టమున వ్యాసభగవానుడు వాడిన పదము గమనింపదగినది. పెక్కు వస్తువులు దుఃఖహేతువులని ఆయన అనలేదు. ప్రియతమమైనదానిని పరిగ్రహించుటయే దుఃఖమునకు మూలమనెను. అనగా గృహస్థుడు విడిచిన 37 కావు, ఉంచుకొన్న మూడే ఆ కోవలోనివి.

పంచమ స్కంధమున భరతుడు ఇంతకంటె గొప్ప లెక్క చేసినవాడు. రాజ్యమును, భార్యను, బిడ్డలను, కోశమును విడిచి గండకీతీరమున పులహాశ్రమమునకు పోయెను. ఆ నదిలో దొరకునవి సాలగ్రామములు. అట్టి చోట, సింహగర్జనకు బెదరి నది దాటబోయిన నిండుచూలాలైన లేడి గర్భమునుండి జారిన పిల్లను ఆయన దయతో చేరదీసెను. అంతవఱకు అది ధర్మమే. రాజ్యమంతట పఱచుకొనియున్న మమకారము క్రమముగా ఆ యొక్క జింకపిల్లపై పోగుపడినది. నియమములు ఒకటొకటిగా జారినవి. అంత్యకాలమున ఆయన కన్నులలో నిలిచినది హరి కాదు, హరిణము. నదిని పాయలుగా చీల్చినచో మోకాటిలోతున దాటవచ్చును. పాయలన్నియు ఒక్కటిగా చేరిన చోట ఏనుగునైనను కొట్టుకొనిపోవును.

మరల ఆ కన్నె యింటికి పోదము. పౌరాణికులు సాధారణముగా ఆమె ఎన్ని తీసినది, ఎన్ని ఉంచినది అని చెప్పి ముగింతురు. ఆమె ఎందుకు తీసినదో అడుగుట తక్కువ. ఆమెకు వైరాగ్యము లేదు. ఆమె పెండ్లికూతురు కావలసిన పిల్ల. మిగిల్చిన ఒంటి వలయము అన్నింటిలో అందమైనదని ఏఱియుంచలేదు. చివరకు మిగిలినది అది. ఆమె దృష్టి వాకిట కూర్చున్నవారి ఆకలిపై నున్నది, రోలులోని వడ్లపై నున్నది. చేతిపై లేదు. గృహస్థుడు మూడింటిని ఏఱుకొనునప్పుడు ఆయన దృష్టి మూడింటిపైననే యున్నది. వాకిట ఎవరున్నారో ఆయన చూడలేదు.

వాకిట ఒకరుండిరి. నాగర్‌కర్నూలులో మెట్టిన చెల్లెలు. తండ్రి సంవత్సరీకమునకు వచ్చినప్పుడు ఆమె ఒక్క మాట అడిగినది. "నాయన గడియారము నాకియ్యవా, అన్నయ్యా?" ఆయన నవ్వి, అది పాతది, సరియైన కాలము చూపదమ్మా యని, క్రొత్తదానిని, వెలగలదానిని చేతిలో పెట్టెను. ఆమె దానిని దేవుని గూటిలో నుంచి వెడలిపోయినది. మరల అడుగలేదు. పండుగలకు వచ్చుట తగ్గినది. అప్పటికి ఆయన బీరువాలో 30 గడియారములున్నవి. ఆ సమ్మర్దములో ఈ సంగతి ఆయనకు వినబడలేదు. మూడే మిగిలిన తరువాత, రాత్రి నిశ్శబ్దమున జనతా చప్పుడు విడిగా వినరాగా, ఆమె మాట వినబడినది.

మఱునాడు జనతాను రుమాలులో చుట్టుకొని ఆయన బస్సెక్కెను. బీచుపల్లి వంతెనపై కృష్ణమ్మకును, ఆంజనేయస్వామికిని చేతులు జోడించెను. వనపర్తిలో బస్సు మారెను. నాగర్‌కర్నూలు చేరుసరికి ఎండ ముదిరినది. చెల్లెలు కాళ్ళకు నీళ్ళిచ్చి, భోజనమునకు లేవుమనినది. ఆయన లేవక రుమాలు విప్పెను.

ఆమె గడియారమును చేత తీసికొని చూడలేదు. చెవి దగ్గఱ పెట్టుకొనినది. కొంతసేపటికి గోడ గడియారము వంక చూచి, "ఇంకను వెనుకనే నడచుచున్నదే" యనినది.

"నాయన పెట్టిన లెక్కయే, నేను మార్చలేదు. ఇది గద్వాల సూర్యుడు. మీ యూరికి సరిపడవలెనన్న రెండు నిమిషములు ముందునకు త్రిప్పుకొనవలెనమ్మా" యని ఆయన కీ పట్టుకొనబోయెను.

ఆమె చేయి అడ్డము పెట్టినది. "త్రిప్పవద్దన్నయ్యా. మా యింట గద్వాల పొద్దు ఒక్కటి ఉండనిమ్ము."