నేరము వేఱు, బాధ్యత వేఱు

పెదవి చీలి శిశువు జన్మించినచో మనవారు దానిని గ్రహణము మొఱ్ఱి యందురు. గర్భిణి గ్రహణకాలమున కత్తిపీట ముట్టినదనియో, వాకిట నిలిచినదనియో దాని భావము. అనఁగా వ్యాధికి పేరు పెట్టుటలోనే తల్లిపై నేరము మోపితిమి. మునేటి యొడ్డునఁగల కీసరలోఁ గాని, నందిగామ జగ్గయ్యపేటలలోఁ గాని యీ మాట యెఱుఁగని గృహము అరుదు.

విచారించి చూతము. గర్భమందలి శిశువునకు పై పెదవి యేడు వారములకే కూడుకొనును. ఏడవ మాసమున వచ్చిన గ్రహణము దాని నెట్లు చీల్చఁగలదు? 2010లో ప్రకటింపఁబడిన యొక పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున 1,000 సజీవ జననములకు ఇంచుమించుగా ఒక శిశువునకు పెదవి చీలికయో అంగుటి చీలికయో కలదు. గ్రహణము వచ్చినను రాకున్నను ఇట్టి శిశువులు ఎల్లదేశములందును పుట్టుచునే యున్నారు.

గ్రహణమును విడిచిన విద్యావంతులు కొందఱు ఇప్పుడు తల్లి వయస్సును పట్టుకొనిరి. ఇందుఁ గొంత సత్యము లేకపోలేదు. డౌన్ లక్షణముగల శిశువుల విషయమున కారణము తల్లి వయస్సే కాని తండ్రి వయస్సు కాదని 1933లో పెన్‌రోజ్ పండితుఁడు చూపెను. 20 ఏండ్ల తల్లికి సుమారు 1,500 కానుపులలో ఒకటి యట్లగుచుండ, 40 ఏండ్ల తల్లికి 100లో ఒకటి యగును. అయినను కానుపులలో అధికభాగము పడుచువారివే గనుక, అట్టి బిడ్డలు పడుచు తల్లుల యొడిలోను అనేకులు గలరు. మఱియు ప్రేగులు వెలికి వచ్చి పుట్టు లోపము 20 ఏండ్లలోపు తల్లులకే హెచ్చు. 2019-21 నాఁటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 ఏండ్లు నిండకమునుపే వివాహమైనట్లు తేలినది. ముహూర్తము పెట్టినది ఆ బాలిక కాదు గదా!

దేశభేదమును గూడ ఇట్లే చూడవలెను. మన ప్రాంతమున మేనఱికములు మిక్కుటము. సాధారణముగా నూటికి రెండుమూడు శిశువులకుఁ గలుగు పుట్టులోపములు మేనఱికపు సంతానమందు ఇంచుమించు రెట్టింపగును. ఒకే తాత యంశ దంపతు లిరువురియందును ఉండుటయే యిందులకుఁ గారణము. అట్లుండఁ గోడలివంకనే వ్రేలు చూపుట యేమి న్యాయము? మఱియు లెక్క హెచ్చుగాఁ గనఁబడిన చోటనే వ్యాధి హెచ్చనుకొనరాదు. వెదకినచోటఁ గనఁబడును, సిగ్గుచే దాఁచినచోటఁ గనఁబడదు. దాఁచఁబడిన శిశువునకు చికిత్సయు దొరకదు.

తల్లి నేరము లేదన్నచో ఎవ్వరును జాగ్రత్తపడరని కొంద ఱాక్షేపింతురు. నేరము వేఱు, బాధ్యత వేఱు. నేరము గడచినదానిని వెదకును. బాధ్యత రానున్నదానిని చూచును. శిశువు వెన్నునాడి గర్భము నిలిచిన 28 దినములలోపలనే మూసికొనును. అప్పటికి తాను గర్భిణినని పెక్కండ్రు స్త్రీ లెఱుఁగనే యెఱుఁగరు. కావున ఫోలిక్ ఆమ్లపు మాత్ర గర్భమునకు ముందే మొదలు కావలెను. అనఁగా కోడలి ఆరోగ్యమును అత్తవారిల్లు ముందే తలపోయవలెను. 18 ఏండ్లు నిండక పెండ్లి చేయకుండుట, మేనఱికమునకు ముందు వైద్యుని సలహా గొనుట, పుట్టిన బిడ్డను దాఁపక చూపించుట మన పనులు. 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఇట్టి శిశువులను వెదకి ఉచితముగాఁ జికిత్సకుఁ బంపు నేర్పాటు గలదు. చీలిన పెదవిని కొలఁది మాసములకే శస్త్రవైద్యుఁడు కుట్టి సరిచేయును. ఆ తల్లిపై మనము మోపిన నిందను తొలగింప శస్త్రవైద్యుని వలనఁ గాదు. అది మన యింటింటను మనమే చేయవలసిన పని.