ఒడిదుడుకులు ఎవరి వంతు?

రాసే స్త్రీకి తనదైన గది ఉండాలని, ఏడాదికి ఐదొందల పౌండ్లు ఉండాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో అన్న మాటని మనం ఎన్నో సభల్లో చెప్పుకున్నాం. గది గురించి మాట్లాడుకున్నంతగా ఆ పౌండ్ల గురించి మాట్లాడుకోలేదు. ఆ పుస్తకంలో కథకురాలికి డబ్బు రాసిపెట్టిన అత్త బొంబాయిలో గుర్రం మీద షికారుకి వెళ్లి, పడి చనిపోయింది. స్త్రీలకి ఓటుహక్కు వచ్చిన రోజుల్లోనే ఈ డబ్బూ వచ్చిందనీ, రెండిట్లో డబ్బే ముఖ్యమనిపించిందనీ కథకురాలు దాపరికం లేకుండా చెప్తుంది. ఏటా ఐదొందలు రావాలంటే అసలు ఎక్కడో మదుపై ఉండాలి. వలసపాలనలోని బొంబాయిలో గుర్రపుస్వారీ చేసే తెల్ల స్త్రీ సొమ్ము ఎవరి కష్టం మీద పెరిగి ఉంటుంది? క్లాసులో ఈ ప్రశ్న చాలా సులువుగా వేసేదాన్ని. అదే ప్రశ్న నా డబ్బుకి వేసుకోవడానికి యాభై దాటాల్సి వచ్చింది.

ఇరవై రెండేళ్లు పాఠాలు చెప్పాక, ఆయనా నేనూ విడిపోయినప్పుడు చూసుకుంటే ఫ్లాటు ఆయన పేరున ఉంది, వాయిదాలు నా జీతంలోంచి వెళ్లాయి. ‘లెక్కలు నీకెందుకు, నేను చూస్తున్నాగా’ అన్న మాటని అన్నేళ్లూ ప్రేమ అనుకున్నాను. ఆర్థిక స్వాతంత్ర్యం గురించి వ్యాసాలు రాసిన మనిషిని, డీమాట్ ఖాతా అంటే ఏమిటో తెలియదు. అప్పుడు కూర్చుని నేర్చుకున్నాను.

నేర్చుకున్నదాంట్లో నాకు నచ్చింది ఈటీఎఫ్, అంటే ఎక్స్ఛేంజ్ ట్రేడెడ్ ఫండ్. ఒక్కో కంపెనీని ఎంచుకోకుండా, సూచీలో ఉన్న కంపెనీలన్నిట్లో తలా కొంచెం వాటాని ఒకే యూనిట్‌గా కొనుక్కోవడం. మన దేశంలో మొదటిది, నిఫ్టీ సూచీని అనుసరించేది, 2001 డిసెంబరులో మొదలైంది. బంగారం ఈటీఎఫ్‌లు 2007లో వచ్చాయి. తర్వాత ‘లో వోలటిలిటీ’ సూచీలు వచ్చాయి. వాటిలో ఒకటి నూరు పెద్ద కంపెనీల్లోంచి, గడిచిన ఏడాదిలో ధర తక్కువగా ఊగిన ముప్ఫైని తీసుకుంటుంది. ఎంత తక్కువ ఊగితే అంత ఎక్కువ వాటా.

ఇందులో కొంత, బాండ్ల ఈటీఎఫ్‌లో ఎక్కువ, బంగారంలో కొంత పెట్టుకున్నాను. ఇవన్నీ ఒకేసారి ఒకే వైపుకి పడవన్నది ఆశ. హామీ కాదు. లెక్క చిన్నదే: షేర్లు 38 శాతం పడినా, నూటికి 30 రూపాయలే అక్కడ ఉండి మిగతావి కదలకపోతే, మొత్తం మీద పోయేది 11 రూపాయల చిల్లర.

ఇదంతా కొత్త తెలివేం కాదు. మా అమ్మ పోపుల డబ్బాలో కొంత, చీటీలో కొంత, చేతి గాజుల్లో కొంత, పాడి గేదెలో కొంత పెట్టేది. ఏది పోయినా ఇంకోటి నిలబడేది. కాకపోతే నాన్నకి పంట పోయిన ఏడు ముందు పోయింది ఆ గాజులే. ఆ తర్వాత అమ్మ ఒక పూట తిండి. ఇంటి ఒడిదుడుకులన్నీ అమ్మ తనలోకి తీసుకునేది, అందుకని ఇల్లు కుదురుగా కనిపించేది. ఆ కుదురుని అందరూ నాన్న సమర్థత అనేవారు.

2020 జనవరి నుంచి మార్చి 23 దాకా నిఫ్టీ దాదాపు 38 శాతం పడింది. నేను దేన్నీ అమ్మలేదు. నవంబరుకల్లా సూచీ పాత శిఖరాన్ని దాటింది, బంగారం ఆగస్టులోనే రికార్డు ధరకి చేరింది. భయపడకుండా కూర్చున్నందుకు నన్ను నేను మెచ్చుకున్నాను.

మా ఇంట్లో పనిచేసే ఆమె అప్పటికి నాలుగిళ్లలో చేసేది. లాక్‌డౌన్‌లో అపార్ట్‌మెంటు గేటు మూసేశారు. నేను జీతం ఇస్తూనే ఉన్నాను, మూడిళ్లవాళ్లు మానేశారు. ఏప్రిల్‌లో ఆమె చెవికమ్మలు తాకట్టు పెట్టింది. వడ్డీ కట్టలేక అవి పోయాయి. అదే ఏడు, అదే బంగారం. నా దగ్గర కంప్యూటర్ తెరమీద అంకెగా పెరిగింది, ఆమె చెవులకి లేకుండా పోయింది.

నా ఈటీఎఫ్ ఆమె కమ్మలు లాక్కోలేదు, నిజమే. కానీ నేను కదలకుండా కూర్చోగలిగింది ధైర్యంతో కాదు, నెలనెలా జీతం పడుతోంది కనక. కంపెనీ ఖర్చులు తగ్గించుకుందంటే షేరుకి మంచి వార్త. ఆ ఖర్చు ఎవరి జీతమో ఆ వార్తలో ఉండదు. నిఫ్టీలో సిగరెట్ల కంపెనీ ఉంది. అందులోనూ నాకు రవ్వంత వాటా ఉంది, ఓటు మాత్రం ఫండ్ సంస్థది. అన్నిట్లో కొంచెం కొంచెం ఉండటమంటే అన్నిటి పాపంలోనూ కొంచెం ఉండటమే. మదుపుని పలు చోట్లకి పంచితే నష్టభయం తగ్గుతుంది. బాధ్యత తగ్గదు, కనిపించకుండా పోతుందంతే.

అయితే అమ్మేసి చేతులు కడుక్కోవాలా? ఆ త్యాగాన్ని నేను నమ్మను. డబ్బు గురించి ఆలోచించే ఆడదాన్ని అపరాధ భావంతో కుంగదీయడం పితృస్వామ్యానికి బాగా తెలిసిన విద్య. వుల్ఫ్ ఆ ఐదొందలు వదులుకుని ఉంటే బొంబాయిలో ఎవరి ఆకలీ తీరేది కాదు. ఉంచుకున్నాను. కానీ నా కుదురుని వివేకమని చెప్పుకోవడం మానేశాను. పనిలేని నెలల్లోనూ జీతం, సెలవు, ఏటా కొంత ఆమె పేరున జమ – ఇవి దయ కాదు, ఇన్నాళ్లూ నేను లెక్కలో రాయని బాకీ.

జమ సంగతి చెప్పి, ఎంత వడ్డీ వస్తుందో వివరించబోయాను. ఆమె వడ్డీ అడగలేదు. “నడుమల తీస్కోవచ్చా మేడమ్? మా ఆయన సంతకం గిట్ల కావాల్నా?” అంది.

పుస్తకాల్లో నష్టభయమంటే ధర ఎంత ఊగిందన్నది. ఆమెకి, అవసరమైన రోజు డబ్బు చేతికి వస్తుందా, ఎవరి అనుమతీ లేకుండా వస్తుందా అన్నది. మొదటి జీతం అందిన రోజున నేను అడగాల్సిన ప్రశ్న అదే.