మంచి మనసు చాలదా?

మంచి మనసుంటే చాలు, తక్కిన చదువులన్నీ ఎందుకని మనలో చాలామందికి ఓ నమ్మకం. జ్వరమొచ్చిన పిల్ల నుదుటిమీద తల్లి చెయ్యి హాయిగానే ఉంటుంది. కానీ ఆ చేతికి మందు మోతాదు తెలీదు కదా! అందుకే డాక్టరు దగ్గరికి పరుగెడతాం. పిల్లల మనసు విషయానికొచ్చేసరికి మాత్రం "దానికో చదువెందుకు, ప్రేమగా నాలుగు మాటలు చెబితే పోలా?" అనేస్తాం.

పదో తరగతి పిల్ల ఒకతి ఉందనుకోండి. తోటివాళ్లలా తనకి మగపిల్లలమీద కాక, ఓ స్నేహితురాలిమీద మనసవుతోందని తెలిసి బెదిరిపోయింది. ఇంట్లో చెప్పలేక, తనకిష్టమైన టీచరుగారికి చెప్పుకుంది. ఆవిడ నిజంగా మంచి మనిషే. "ఈ వయసులో మామూలేనమ్మా, అదే పోతుంది" అని తల నిమిరింది. సాయంత్రం తల్లికి ఫోన్ చేసి, "కాస్త కనిపెట్టి ఉండండి" అని కూడా చెప్పింది. రెండూ మంచికనే చేసింది. కానీ మొదటిదానితో తన మాట ఎవరూ నమ్మరని పిల్లకి అర్థమైంది. రెండోదానితో ఇక ఎవరికీ చెప్పకూడదని అర్థమైంది.

ఇలాంటి పిల్లలకి తోడు నిలవడానికి టీచర్లకీ, డాక్టర్లకీ, కౌన్సిలర్లకీ శిక్షణ ఇవ్వాలనేది ఇందుకే. అందులో నేర్పేవి వినడానికి చిన్న సంగతులే. ఉలిక్కిపడకుండా వినడం. ఇంట్లో భయమేమైనా ఉందా అని కనుక్కోవడం. అన్నిటికన్నా కష్టమైనది, పిల్ల ఒప్పుకోకుండా ఆ మాట మరొకరి చెవిన వెయ్యకపోవడం.

"అదేమిటండీ, కన్నతల్లి దగ్గర దాస్తారా?" అని మీకు కోపం రావచ్చు. న్యాయమైన కోపమే. కానీ ఆ రహస్యం ఎవరిది? తల్లిదీ కాదు, టీచరుదీ కాదు, ఆ పిల్లది. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి పెళ్లి చేసేసే తల్లిదండ్రులూ ఉన్నారు, గుండెల్లో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఏ ఇల్లు ఎలాంటిదో టీచరుకంటే పిల్లకే బాగా తెలుసు. తానే అమ్మకి చెప్పుకునే ధైర్యం వచ్చేదాకా తోడుండటమే టీచరు చెయ్యాల్సిన పని. పిల్ల ప్రాణానికే ముప్పుంటే మాత్రం ఊరుకోకూడదు. అప్పుడు కూడా, "నేనిది చెప్పక తప్పదమ్మా" అని ముందు ఆ పిల్లతోనే అనాలి.

నేర్చుకోవడం చిన్నతనమనుకునేవాళ్లకి మద్రాసు హైకోర్టు సంగతొకటి చెప్పాలి. పెద్దవాళ్లు తమ ప్రేమని కాదంటే ఇల్లు వదిలి చెన్నై వచ్చేసిన ఇద్దరమ్మాయిలు రక్షణ కోరుతూ కోర్టుకెక్కారు. విచారించిన జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్, ఈ విషయం తనకీ పూర్తిగా అర్థం కాలేదని ఒప్పుకున్నారు. సైకాలజిస్టు ఎదుట తానే విద్యార్థిగా కూర్చుని తెలుసుకున్నాకే 2021 జూన్‌లో ఉత్తర్వులిచ్చారు. పోలీసులకీ, వైద్యులకీ, విద్యాసంస్థలకీ అవగాహన కల్పించమన్నారు. ఇలాంటివాళ్లని 'మార్చేస్తాం' అనే చికిత్సల్ని నిషేధించమన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది మరి! 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ కూడా అలాంటి చికిత్స చెయ్యడం డాక్టరు వృత్తికి తగని నడత అని తేల్చింది.

దారి సాఫీగా ఉందనుకోకండి. ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి టీచర్లకోసం ఎన్.సి.ఇ.ఆర్.టి. తయారుచేసిన శిక్షణ పుస్తకం 2021లోనే, అభ్యంతరాలు రావడంతో, కొద్దిరోజులకే వెబ్‌సైటులోంచి మాయమైంది.

ఈసారి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల సంగతి అడిగాక, ఇంకో ప్రశ్న కూడా అడిగి చూడండి: "ఇక్కడ పిల్లలు మనసు విప్పి చెప్పుకోవడానికి ఎవరున్నారు? వాళ్లు ఆ పని ఎక్కడ నేర్చుకున్నారు?" మనింటి పిల్లకి ఆ అవసరం రాకపోవచ్చు. పక్కబెంచీలో పిల్లకి రావచ్చు. ఆ పిల్లకీ ఓ అమ్మ ఉంటుందిగా.