ఆదరము ముందు

గోదావరిఖని నేలపై నిలిచినవానికి మట్టియే కన్పట్టును. అడుగున బొగ్గు పొర కలదో లేదో లోతుగా బోరు వేసి చూచినగాని తెలియదు. కనబడని బొగ్గుకై మనుజుడు అంత ఓర్పు వహించును. అట్టివాడే తన యింట పరీక్ష తప్పిన బాలుని పనికిరానివాడని ఒక్కమాటతో తేల్చివేయును. లేదా గనిలో తండ్రి కొలువునకు వారసుడని మాత్రమే లెక్కించును.

అయితే బొగ్గును వెదకుట మండించుటకే. బాలుడు మన అవసరములకు ఇంధనము కాడు. కఠోపనిషత్తున నచికేతుడు యమసదనమున మూడు రాత్రులు నిరాహారుడై వేచియుండెను. యముడు వచ్చి, ఆ బాలునికి ముందుగా నమస్కరించి, పిమ్మట మూడు వరములు కోరుకొమ్మనెను. అతడేమి అడుగనున్నాడో, ఎంతటివాడో అప్పటికి యముడెరుగడు.

పాఠక మహాశయులారా! బిడ్డ ఏమగునో తెలియకమునుపే ఆదరించుట పెద్దల ధర్మము. ఆ ఆదరమునందే అతడు కాగలవాడగును.