గడపలోపలి కార్ఖానా

పరుల గడపను అనుమతిలేక దాటరాదని మన పెద్దలు నేర్పిరి. ఈ మర్యాద మంచిదే. కాని ఆ గడపలోపలనే కూలిపని జరుగుచు, ఆ పనిచే దేహము చెడుచున్నప్పుడు ఈ మర్యాద యెవరిని కాపాడుచున్నది? మనము విచారింపవలసిన ప్రశ్న యిది.

జగిత్యాల జిల్లా మేడిపల్లి మొదలు కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో బీడీలు చుట్టుట ముఖ్యముగా స్త్రీల పని. చేటను ఒడిలో నుంచుకొని, తడిపిన తునికాకును కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారము కట్టుదురు; వేయి బీడీల లెక్కన కూలి పొందుదురు. పొగాకు ధూళి ఊపిరితోను, నికోటిన్ చర్మము ద్వారాను లోనికి చేరును. గంటలకొలది వంగి కూర్చుండుటచే నడుమును మెడయును నొచ్చును. తల్లి ప్రక్కనే పసిబిడ్డ ఆ ధూళిలో నిద్రించును.

1966లో పార్లమెంటు బీడీ, చుట్ట కార్మికులకై చట్టము చేసెను. ముడిసరకును ఇంటికి గొనిపోయి బీడీలు చుట్టువారినిగూడ అది కార్మికులుగా అంగీకరించెను. కాని శుభ్రతకును గాలికిని సంబంధించిన నియమములను పారిశ్రామిక స్థలములకే విధించి, నివాసగృహమును ఆ నిర్వచనమునుండి తొలగించెను. ఆమె కార్మికురాలే, ఆమె పనిచేయు చోటు మాత్రము కార్ఖానా కాదు! 1996లో అంతర్జాతీయ కార్మికసంస్థ ఆరోగ్యరక్షణ ఇంటిపనికిని చెల్లవలెనని 177వ ఒడంబడికలో చెప్పెను. భారతదేశము దానిని ధ్రువీకరింపలేదు.

అధికారులు ఇండ్లలో జొరబడిన స్త్రీల మర్యాద యేమగును? ఇల్లు తగినది కాదని పని మాన్పించిన పొయ్యి యెట్లు వెలుగును? అని కొందరందురు. ఈ భయము కల్ల కాదు. తనిఖీ భారము బీదరాలిపై బడినచో అది రక్షణ కాదు, శిక్షయే. కాని దోషము తనిఖీలో లేదు. ఎవరిని ప్రశ్నించుచున్నామను దానిలో నున్నది. కార్ఖానా నడపువాడు చోటును, వెలుతురును, గాలిని సమకూర్పవలెను. పనిని ఇంటికి పంపువాడు ఆ వ్యయమంతయు ఆమె గుడిసెపై మోపుచున్నాడు. ఆకును పొగాకును తూచి యిచ్చునప్పుడే అతని బాధ్యత మొదలగుచున్నది గదా! తెలంగాణ ప్రభుత్వము బీడీకార్మికులకు భృతి నిచ్చుట మెచ్చదగినదే; కాని ఆకలికి సాయము ఊపిరికి మందు కాదు.

కావున ఆమె గడప దాటవలసినది వైద్యురాలు. అదియు ఆమె సమ్మతితోనే. సమాధానము చెప్పవలసినవాడు పని యిచ్చినవాడు. ఈ భేదమును మరచిన తనిఖీ దౌర్జన్యము. ఈ భేదమును సాకుగా జేసికొని తనిఖీయే వలదనుట నిర్దయ.