హద్దు మీద దోమ

బెజవాడలో గుణదల దాటి రామవరప్పాడు వైపు పోతుంటే ఒకచోట కార్పొరేషన్ అయిపోయి పంచాయతీ మొదలవుతుంది. ఆ హద్దు మీద సైడు కాలువలో ఒక ముసలి దోమ, దాని మనవరాలు కాపురం ఉండేవి.

ఒక సాయంత్రం కార్పొరేషన్ వాళ్లు పొగ మిషన్ తెచ్చారు. "అమ్మమ్మా, చచ్చాం!" అంది మనవరాలు.

"ఎందుకే కంగారు? పంచాయతీలోకి పద. నాలుగు రోజులు అక్కడ తిని వద్దాం."

పై వారం పంచాయతీ వాళ్లు పొగ పెట్టారు. రెండూ ఇవతలికి వచ్చేశాయి. ఇక్కడివాళ్లు "దోమలన్నీ అటునుంచే" అని, అక్కడివాళ్లు "ఇటునుంచే" అని తిట్టుకుంటున్నారు. ఆ తిట్లు ముసలిదానికి జోలపాటలా ఉండేవి.

ఒకనాడు టీ కొట్టు దగ్గర రెండు వైపుల మలేరియా వర్కర్లు కలిశారు. "మీకెప్పుడన్నా?" "శుక్రవారం." "అయితే మేమూ ఆ రోజే పెట్టుకుంటాం." ఆ శుక్రవారం రెండు వైపులా పూడిక తీశారు, నిలిచిన నీళ్లలో ఆయిల్ బాల్స్ వేశారు, చీకటి పడుతుండగా ఒకేసారి పొగ పెట్టారు.

"ఎటు పోదామే అమ్మమ్మా?"

ముసలిది పలకలేదు.

పక్క డాబా మీద కూలర్ అంచున కూర్చున్న చారల కాళ్ల దోమ మాత్రం నవ్వింది. "హద్దులతో నాకేం పని? పుట్టిల్లూ ఇదే, భోజనమూ కింది గదిలోనే."

నీతి: మురుగులో పుట్టే క్యూలెక్స్ దోమ కిలోమీటరు దాటి కూడా ఎగరగలదు. కాబట్టి ఒక వీధి ఒక్కటే మందు కొట్టుకుంటే ఆ సుఖం నాలుగు రోజులే. పైగా పొగ ఎగిరే దోమనే చంపుతుంది, నీళ్లలో ఉన్న పిల్లపురుగును కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్ నగర్‌లోకి వచ్చినప్పుడు ఎవరి హద్దునూ అడగలేదు, దోమా అడగదు. డెంగీని మోసే చారల కాళ్ల ఏడిస్ కథ వేరు. అది సాధారణంగా పుట్టిన చోటినుంచి 200 మీటర్లు కూడా దాటదు. దానికి కార్పొరేషన్‌నూ పంచాయతీనీ అని లాభం లేదు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి ప్రతి శుక్రవారం కూలర్ నీళ్లు పారబోయండి. గుడ్లు తొట్టి గోడకు అంటుకుని ఉంటాయి, గట్టిగా తోమండి. పక్కింటివాళ్లతోనూ అదే రోజు ఆ పని చేయించండి.